రౌతు కూర్చున్న తీరు

“రౌతు కొద్దీ గుర్రం” అన్న సామెత తెలియని తెలుగువాడు ఉండడు. కోవిల్‌పట్టి, విరుదునగర్ పక్క పల్లెల్లో గుర్రాలు పోయి తరాలు గడిచాయి గాని సామెత పోలేదు. కొత్త హెడ్మాస్టరు వచ్చాక బడి బాగుపడితే అదే మాట. మంచి ఎద్దుల జత చేతకానివాడి చేతిలో మొండికేస్తే అదే మాట. మన పూర్వులు గుర్రమెక్కి తిరిగినవాళ్లని చెప్పుకోవడమూ మనకు అలవాటే. సంఘాల కాలెండర్ల మీద, ఉత్సవాల గోడపత్రాల మీద వీరపాండ్య కట్టబొమ్మన తరచు గుర్రం మీదే కనిపిస్తాడు. గుర్రం ముందు కాళ్లు రెండూ గాలిలో ఉంటాయి. ఆయన ఎడమ చేత పగ్గం బిగబట్టి, వెనక్కి వాలి, కుడి చేత కత్తి ఝళిపిస్తూ ఉంటాడు.

ఆ బొమ్మ గీసినవారి భక్తిని నేను శంకించను. కాని ముందు కాళ్లెత్తిన గుర్రం మీద వెనక్కి వాలి పగ్గం లాగినవాడు మరుక్షణం ఎక్కడుంటాడో గుర్రాల సంగతి తెలిసినవారిని అడగండి. గుర్రం వెల్లకిలా పడుతుంది, రౌతు దాని కింద ఉంటాడు. మీసాలూ కత్తులూ బిరుదులూ చూసి రాసిన చరిత్ర మనకు చాలా ఉంది. మనవాళ్లు గుర్రం మీద ఎలా కూర్చున్నారు, ఆ కూర్చోవడం ఎక్కడ నేర్చారు, ఎందరికి ఆ అవకాశం దక్కింది అని అడిగి రాసింది తక్కువ. ఆ ప్రశ్న వేసుకుంటే మన దక్షిణ పాండ్యదేశపు కథ కొంచెం వేరుగా కనబడుతుంది.

ముందు కూర్చోవడం సంగతి. నిలబడి ఉన్న గుర్రం బరువులో సుమారు నూటికి 60 పాళ్లు ముందు కాళ్లే మోస్తాయి. తలా మెడా అటువైపే ఉన్నాయి కదా. అందువల్ల దాని బరువుకు నడిమి చోటు మనం అనుకున్నట్టు వీపు మధ్యలో ఉండదు, భుజాలకు కొంచెం వెనకగా ఉంటుంది. రౌతు బరువు ఆ చోటికి ఎంత దగ్గరగా, ఎంత నిలకడగా ఉంటే గుర్రానికి అంత సుఖం. పడక కుర్చీలో కూలబడినట్టు కాళ్లు ముందుకు చాచి కూర్చుంటే బరువంతా గుర్రం నడుము మీద పడుతుంది. అది అడుగు వేసినప్పుడల్లా రౌతు ఒక అడుగు వెనకబడతాడు. వెనకబడినవాడు పడిపోకుండా పగ్గం పట్టుకుని వేలాడతాడు. ఆ వేలాడటం కళ్లెం మీదుగా గుర్రం నోటిని కోస్తుంది. మన కంటికి మొండి గుర్రంగా కనిపించేది చాలాసార్లు నోరు నొచ్చిన గుర్రం. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలన్నది నేటి స్వారీ బడుల్లో మొదట చెప్పే పాఠం. ఉన్నట్టుండి గుర్రాన్ని కిందనుంచి మాయం చేస్తే రౌతు తన కాళ్ల మీద తాను నిలబడి ఉండాలి. కింద కూలబడితే అతడు అంతవరకూ కూర్చున్నది తప్పు.

ఈ మాట కొత్తది కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనోఫన్ గుర్రపుస్వారీ మీద రాసిన చిన్న పుస్తకంలో దాదాపు ఇదే చెప్పాడు. కుర్చీ మీద కూర్చున్నట్టు కాక కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు ఉండమన్నాడు. ఆయన కాలానికి రికాబు లేదు. తొడలే ఆధారం.

మనవైపు ఈ సంగతి నాట్యశాస్త్రంలో దొరుకుతుందంటే కొందరికి వింతగా ఉండవచ్చు. భరతుడు పురుషులకు చెప్పిన ఆరు స్థానకాలలో వైశాఖం ఒకటి. పాదాలు రెండూ మూడున్నర తాళాల ఎడంగా, పక్కలకు తిరిగి ఉండాలి. తొడలు కదలకూడదు. తాళమంటే బొటనవేలి కొన నుంచి చాచిన నడిమి వేలి కొన దాకా ఉన్న కొలత. మూడున్నర తాళాలంటే ఒక మనిషి గుర్రానికి అటూ ఇటూ కాళ్లు వేసినంత ఎడం. ఈ స్థానకాన్ని దేనికి వాడాలో చెబుతూ ఆయన గుర్రాలను నడపడాన్ని కూడా పేర్కొన్నాడు. ఒకరు గుర్రం మీద కూర్చోవడానికి నిలబడటాన్ని పోలికగా తెచ్చారు, మరొకరు నిలబడి గుర్రం మీద కూర్చున్నట్టు చూపించమన్నారు. ఎదురెదురు దారుల్లో వచ్చి ఇద్దరూ ఒకచోటే ఆగారు.

ఇంకో సంగతి. స్థానకాలూ చారులూ అన్నీ వివరించిన “నృత్తరత్నావళి”ని 13వ శతాబ్దం నడుమ రాసిన జాయప సేనాని కాకతీయ గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి. సాహిణి అన్నది ఆ కాలపు కొలువులో గుర్రాలకూ ఏనుగులకూ పెద్దగా ఉన్నవాడి పదవి పేరు. జంతువు మీద మనిషి శరీరం ఎలా నిలుస్తుందో రోజూ చూసినవాడే అరంగం మీద అది ఎలా నిలవాలో రాశాడు. మన రాజకంబళం వారి దేవరాట్టంలో దేవదుందుభి దరువుకు మోకాళ్లు సడలించి, నడుము నిలిపి అడుగు వేసే తీరు చూసినప్పుడు నాకు వైశాఖ స్థానకం గుర్తుకు వస్తుంది. అంతమాత్రాన దేవరాట్టం గుర్రపుస్వారీ నుంచి పుట్టిందని చెప్పే సాహసం చేయను. అలాంటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పడానికి మనలో చాలామంది సిద్ధంగా ఉన్నారు, ఆ పని వారికే వదిలేస్తాను.

ఇక చరిత్రకు వద్దాం. కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లాలోనే, తామ్రపర్ణి సముద్రంలో కలిసేచోటికి దగ్గరగా, పళయకాయల్ అనే పల్లె ఉంది. పాండ్యుల కాలంలో అది పెద్ద రేవు. అరబ్బు గుర్రాలు అక్కడ దిగేవి. 13వ శతాబ్దం చివర ఈ తీరానికి వచ్చిన మార్కో పోలో, ఇక్కడి రాజు ఒక్కొక్కడే ఏటా 2000 గుర్రాలకు పైగా కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో 100 కూడా మిగలవనీ రాశాడు. నాడాలు కొట్టేవాళ్లనూ గుర్రాల వైద్యం తెలిసినవాళ్లనూ ఈ దేశానికి రానీయకుండా వర్తకులే జాగ్రత్తపడతారని కూడా అన్నాడు. గుర్రం చస్తేనే కదా మళ్లీ బేరం.

పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ ఇంకా పెద్ద లెక్క చెప్పాడు. ఏటా 10,000 గుర్రాలు, ఒక్కోటి 220 బంగారు దీనారాలు. అంతకంటె మనకు కావలసింది ఆయన చెప్పిన స్వారీ సంగతి. ఈ దేశంవాళ్లు గుర్రాలకు నెయ్యి కలిపిన దాణా పెట్టి, కాచిన ఆవుపాలు తాగించి, 40 రోజులు కట్టుకొయ్యలకు కట్టి కొవ్వెక్కిస్తారట. ఆ తర్వాత శిక్షణ ఇవ్వకుండా, రికాబులూ తక్కిన సరంజామా లేకుండా సైనికులు దయ్యాల్లా ఎక్కి తోలుతారట. గాలిలా వచ్చిన గుర్రాలు కొద్దికాలానికే చతికిలబడి పనికిమాలినవి అవుతాయట.

వస్సాఫ్ ఈ దేశాన్ని చూసినవాడు కాదు, విన్నది రాసినవాడు. గుర్రాలు అమ్మేవాళ్ల నోట విన్నది కాబట్టి కొంత ఎకసెక్కమూ కలిసి ఉంటుంది. మన ఎండా, ఉక్కా, గడ్డీ అరేబియా గుర్రానికి పడకపోవడం నిజమే. అయినా ఆయన మాటలో సారం ఉందని నేను నమ్ముతాను. 40 రోజులు కట్టేసిన గుర్రానికి వీపు కండ సడలిపోతుంది. అలాంటి వీపు మీద నిలకడ లేని మనిషి ఎక్కి పరుగెత్తిస్తే అది నెలల్లో పాడవుతుంది. పాండ్యులు బంగారం పోసి గుర్రాన్ని కొన్నారు. రౌతును మాత్రం కొనలేకపోయారు. మాణిక్కవాచకర్ కథలో గుర్రాలు తెమ్మని పంపిన సొమ్ము గుడికి ఖర్చవుతుంది, శివుడు నక్కలనే గుర్రాలుగా మార్చి తానే రౌతై మదురకు తోలుకొస్తాడు. రాత్రికి అవి మళ్లీ నక్కలైపోతాయి. ఏటా వేల గుర్రాలు కొని ఏడాదికి వంద మిగలని దేశంలో ఆ కథ జనం నోట నిలవడంలో ఆశ్చర్యమేముంది?

రికాబు గురించి రెండు మాటలు చెప్పాలి. కాలి బొటనవేలు దూర్చుకునే తాటి ఉచ్చు క్రీస్తుకు పూర్వమే మనదేశంలో ఉందని సాంచి వంటి చోట్ల శిల్పాలను బట్టి పండితులు చెబుతారు. చెప్పులు లేని కాలికి అది సరిపోయింది. పాదమంతా ఆనే లోహపు రికాబు క్రీ.శ. 4వ శతాబ్దంలో చైనాలో స్పష్టంగా కనిపిస్తుంది, అక్కడినుంచి పడమరకు నడిచింది. దానితో రౌతుకు పక్కలకు ఒరిగినా నిలదొక్కుకునే వీలు కలిగింది. లేచి నిలబడి బల్లెం దూయడం, వెనుదిరిగి బాణం వేయడం సులువయ్యాయి. రికాబు తోలును ఎంత పొడవు వదలాలన్నది కూడా దేశాన్ని బట్టి మారింది. మార్కో పోలో యున్నాన్ వైపు మనుషుల గురించి రాస్తూ, వీళ్లు ఫ్రెంచివారిలాగా పొడవు రికాబులతో కాళ్లు చాచి స్వారీ చేస్తారనీ, తాతారులు బాణాలు వేయాలి కాబట్టి పొట్టి రికాబులు వాడతారనీ గుర్తించాడు. కూర్చున్న తీరును బట్టి యుద్ధం చేసే తీరు చెప్పిన ఆ కళ్లు మన చరిత్రకారులకు ఉంటే ఎంత బాగుండేది!

ఈ వస్తువుకు తెలుగులో రికాబు కాక మరో పాత మాట ఉంది, అంకవన్నె. బ్రౌను నిఘంటువులో చూడవచ్చు. తమిళంలో అంగవడి అంటారు. రెండూ ఒక గూటి పక్షులే. కళ్లేనికి తెలుగులో కడియాళం అన్న పాతమాట ఉంటే తమిళంలో కడివాళం ఉంది. రౌతు అన్నది రాజపుత్ర శబ్దం అరిగి అరిగి వచ్చినది. నడిమి మెట్టు రాహుత్తు. తమిళంలో అదే రావుత్తర్ అయి, గుర్రాల వర్తకంతోనూ దళాలతోనూ పేరుపడ్డ ముస్లిం సోదరుల ఇంటిపేరయింది. 15వ శతాబ్దపు అరుణగిరినాథర్ మురుగన్‌ను నెమలినెక్కిన రావుత్తుడని పిలిచాడు. కళుగుమలై కొండ కింద నెమలి మీద ఉన్న స్వామికి మొక్కే మన ఆడవాళ్లకు తెలియకపోవచ్చు, వారు మొక్కేది ఒక రౌతుకని. గుర్రం పలుపుతాడు పట్టుకుని రెండు భాషలూ రెండు మతాలూ ఇలా ఒకే లాయంలో నిలబడ్డాయి.

విజయనగర కాలానికి పరిస్థితి మారింది. రెండవ దేవరాయలు బహమనీల చేతిలో దెబ్బతిని, వాళ్ల గుర్రాలూ విలుకాండ్రూ మేలైనవని తెలుసుకుని, ముస్లిం విలుకాండ్రను కొలువులో చేర్చుకుని తనవారికి ఆ విద్య నేర్పించాడని ఫెరిష్తా రాశాడు. గుర్రం ఒక్కటే కాదు, కూర్చోవడం కూడా దిగుమతి అయింది. మనవాళ్ల స్వారీ మొదటినుంచీ మన రక్తంలోనే ఉందని చెప్పుకునేవారికి ఇది రుచించకపోవచ్చు. నాకు మాత్రం నేర్చుకోవడంలో చిన్నతనం కనబడదు. కొనుగోళ్లూ ఆగలేదు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ చెప్పిన ప్రకారం రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవారు. అంతకుముందు సాళువ నరసింహుడైతే ఓడలో చచ్చిన గుర్రానికి కూడా తోక తెచ్చి చూపిస్తే చాలు, సొమ్ము చెల్లించేవాడట. అంత ఆత్రం.

ఈ ఆత్రానికి కారణం రాయలే స్వయంగా రాసిపెట్టాడు, అదీ మన జిల్లా కథలో. “ఆముక్తమాల్యద” జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో. విరుదునగర్ జిల్లాలో పుట్టిన తెలుగు పిల్లవాడికి కృష్ణరాయల కావ్యం ఇంటి పక్క కథ. అందులోని రాజనీతి భాగంలో, దూర ద్వీపాల నుంచి ఏనుగులనూ మేలి గుర్రాలనూ తెచ్చే వర్తకులకు ఊళ్లూ ఇళ్లూ ఇచ్చి, దర్శనమిచ్చి, మంచి లాభం దొరికేలా చూసి, తనవాళ్లను చేసుకోవాలనీ, అప్పుడు ఆ సరుకు శత్రువుకు చేరదనీ రాయలు చెప్పాడు. గోదాదేవి పూలమాల కథలో గుర్రాల బేరం! పాండ్యుల అనుభవం ఆయనకు తెలిసే ఉంటుంది.

ఆ కాలపు రౌతులు రాతిలో మిగిలారు. శ్రీరంగంలో శేషరాయర్ మండపం, మదురలో తిరుమల నాయకుడు కట్టించిన పుదుమండపం ముఖభాగం, కంచి వరదరాజస్వామి కల్యాణమండపం. అన్నిచోట్లా ముందు కాళ్లెత్తిన గుర్రాలే, మీద ఆయుధం ఎత్తిన రౌతులే. ఈసారి వెళ్లినప్పుడు నగలూ మీసాలూ కాక నడుము చూడండి. గుర్రం వీపు దాదాపు నిట్టనిలువుగా లేచింది. అయినా రౌతు వెనక్కి వాలలేదు. స్తంభంతో పాటు నిటారుగా ఉన్నాడు. అంటే గుర్రం వీపును బట్టి చూస్తే అతడు బాగా ముందుకు వచ్చి, మెడ వైపు చేరి ఉన్నాడు. లేచిన గుర్రం మీద బతకాలంటే మనిషి ఉండవలసింది అక్కడే. శిల్పికి స్తంభం బరువు నిలవాలి, రౌతుకు తన బరువు నిలవాలి. రెండు అవసరాలూ ఒకటయ్యాయి. గుర్రం కంచె దూకేటప్పుడు వెనక్కి వాలడం తప్పు, ముందుకు వంగాలి అన్న పద్ధతిని ఇటలీ సైనికాధికారి కాప్రిల్లీ (1868-1907) ప్రచారం చేసేదాకా యూరపు దళాల్లో వెనక్కి వాలడమే ఆచారం. దూకడం వేరు, లేవడం వేరు. మన శిల్పులు కాప్రిల్లీ కంటె ముందే కనిపెట్టారని నేను చెప్పబోవడం లేదు. వాళ్లు నిజమైన రౌతును చూసి చెక్కారని మాత్రం చెబుతాను. కాలెండరు చిత్రకారుడికి ఆ అవకాశం లేకపోయింది.

ఇక మన పాళయాలు. మదుర నాయకుల కింద ఎట్టయాపురం, పాంచాలంకురిచ్చి వంటి తెలుగు పాళెగాండ్రు ఈ నల్లరేగడి నేలలో పాతుకున్నారు. ఈ నేల సంగతి మనకు చెప్పనక్కరలేదు. వాన పడితే కాలు ఊడిరాదు, ఎండితే జానెడు పగుళ్లు. గుర్రం కాలు విరగడానికి రెండూ మంచి ఏర్పాట్లే. ఇక్కడ గుర్రం పాళెగాడికీ ఆయన దగ్గరివారికీ హోదా. యుద్ధం చేసింది కాలిబంట్లు. 1801లో పాంచాలంకురిచ్చి మీదకు వచ్చిన కర్నల్ వెల్ష్ తన జ్ఞాపకాల్లో ఆ పొడవాటి బల్లేలవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకుంటూ రాశాడు. ఆ యుద్ధంలో కుంపిణీ వారి దగ్గర అశ్వదళం ఉంది. ఊమైదొర పక్షాన ఉన్నది నేల మీద నిలబడ్డ మనుషులు. కోట ఆ ఏడాది మే 24న గాని చిక్కలేదు. ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి “గోపల్ల గ్రామం”లో కూడా తెలుగుదేశం నుంచి మనవాళ్లు స్వారీ చేస్తూ రాలేదు, ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చారు. మన పూర్వుల్లో నూటికి తొంభైతొమ్మిది మంది నడిచినవాళ్లే అనుకోవడంలో నాకు ఏ లోటూ కనబడదు.

కట్టబొమ్మన కథలో నన్ను ఎప్పుడూ పట్టి నిలిపేది గుర్రం ఘట్టం కాదు. 1798లో కలెక్టరు జాక్సన్ ఆయనను కుర్తాళంలో చూడనన్నాడు, శ్రీవిల్లిపుత్తూరులో చూడనన్నాడు. ఊరూరా తిప్పి చివరికి సెప్టెంబరు 10న రామనాథపురంలో పిలిపించి, మూడు గంటల సేపు నిలబెట్టి మాట్లాడాడు. సవారీలో తిరిగే పాళెగాడిని నేల మీద నిలబెట్టడంలో ఉన్న అర్థం ఇద్దరికీ తెలుసు. మరుసటి ఏడు అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీశారు.

ఎవరు ఎక్కాలి, ఎవరు నిలబడాలి అన్న ఈ లెక్క దొరలు తెచ్చిందే అనుకుంటే పొరపాటు. ఇప్పటి విరుదునగర్ ప్రాంతం కూడా కలిసి ఉన్న నాటి రామనాథపురం జిల్లాలో 1930-31లో పై కులాలవారు ఆదిద్రావిడుల మీద విధించిన నిషేధాల జాబితాను హట్టన్ తన గ్రంథంలో ఇచ్చాడు. పెళ్లి ఊరేగింపులో గుర్రమెక్కి వీధుల్లో వెళ్లకూడదని అందులో ఒకటి. పల్లకి కావాలంటే ఇంటి తలుపు ఊడదీసి వాడుకోమన్నారు. వరుడు ఒక్క పూట గుర్రం మీద నిటారుగా కూర్చుంటే ఊరి కట్టుబాటు ఒరిగిపోతుందని భయపడ్డారన్నమాట. మన రౌతుల వైభవం చెప్పుకునేటప్పుడు ఈ పేజీని కూడా కలిపి చదవాలి. ఆ పై కులాల జాబితాలో మనవాళ్లు ఎవరూ లేరని ధీమాగా చెప్పగలిగినవారు మనలో ఎందరు?

మద్రాసు వెళ్లినవారు ఐలండు మైదానం దగ్గర థామస్ మన్రో విగ్రహం చూసే ఉంటారు. దత్తమండలాల తెలుగువారు ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్నారు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. చాంట్రీ చేసిన ఆ కంచు విగ్రహాన్ని 1839లో నిలిపారు. జీను లేదు, రికాబులూ లేవు. శిల్పి మరిచిపోయాడనీ, తప్పు తెలిసి ప్రాణం తీసుకున్నాడనీ వింత కథలు పుట్టాయి. ఏమీ మరిచిపోలేదు. చాంట్రీ లండనులో చేసిన నాలుగవ జార్జి విగ్రహమూ అంతే, అది పాత రోమను పద్ధతి. రికాబు లేకపోతే కాళ్లు వాటి బరువుతో కిందికి వేలాడాలి, తుంటి తెరుచుకోవాలి, నడుము నిలవాలి. మన్రో అలాగే ఉన్నాడు. భుజం నుంచి మడమకు గీత గీసి చూడవచ్చు. అయితే ఆయన 1780లో మద్రాసులో దిగింది కాలిబంట్ల దళంలో కేడెట్‌గా.

ఒక మనవి. కోవిల్‌పట్టి, సాత్తూరు, రాజపాళయం, శ్రీవిల్లిపుత్తూరు వైపు ముసలివారి నోట అంకవన్నె, కడియాళం, పల్యాణం వంటి గుర్రపు మాటలు ఏవైనా ఇంకా మిగిలి ఉంటే, ఏ అర్థంలో వాడతారో ఒక కార్డు ముక్క మీద రాసి పత్రికకు పంపండి. జట్కా బళ్లవాళ్ల మాటలైనా సరే.